పాటలు పోలేదు, సర్వర్ దారి తప్పింది

ప్రశ్న: మాది విజయనగరం. బ్యాంకులో పని చేస్తాను. మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఊడ్పు పాటలు, దంపుళ్ల పాటలు, జముకుల పాటలు రాసుకున్నారు, కొన్ని రికార్డు కూడా చేశారు. అన్నయ్య 2006లో వాటి కోసం వర్డ్‌ప్రెస్‌లో ఒక సైట్ పెట్టాడు. ఇప్పుడు తను డల్లాస్‌లో ఉన్నాడు, సైట్ నా చేతికొచ్చింది. అద్దె సర్వర్‌లో ఉన్న ఉబుంటు 20.04 ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్ట్ అయిపోయిందని మెయిల్ వచ్చింది. విన్‌ఎస్‌సీపీ అనే ఫైల్ కాపీ ప్రోగ్రామ్‌తో ఫైల్సన్నీ నా విండోస్ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, పాటలున్న డేటాబేస్‌ని ఒక ఫైల్‌గా (డంప్) తీసుకుని, ఉబుంటు 24.04 కొత్తగా వేశాను. అక్కడ మొదలయ్యాయి కష్టాలు. ముందు, సర్వర్‌లో పేజీలు అందించే ఇంజిన్‌ఎక్స్ ప్రోగ్రామ్ వెల్‌కమ్ పేజీ వచ్చింది. పాత సెట్టింగ్స్ ఫోల్డర్ మొత్తం తెచ్చి దాని మీద కాపీ చేశాను. ఆ ఫైల్ ఎంత మార్చినా ఏమీ మారలేదు. ఒకసారి 502 ఎర్రర్, ఫోటోలకి 403 (అనుమతి లేదు) ఎర్రర్. తెలిసినవాళ్లు ఫోల్డర్‌కి 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, పెట్టమంటే పెట్టాను, అయినా పోలేదు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే అపాచీ అనే ఇంకో సర్వర్ ప్రోగ్రామ్ పేజీ వచ్చింది! బ్రౌజర్‌లో తాళం గుర్తుకి సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్ ఐదారుసార్లు నడిపితే ఇక సర్టిఫికెట్ ఇవ్వనంది. ఫైల్సన్నీ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోకి తోసి, కాన్ఫిగ్ ఫైల్ కొత్తగా రాస్తే ఎలాగో సైట్ తెరుచుకుంది, కానీ తెలుగు ఉండాల్సిన చోటల్లా పిచ్చి గుర్తులు. డంప్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అందులోనూ అవే. నాన్నగారు రోజూ సాయంత్రం "సైట్ వచ్చిందా అమ్మా" అని అడుగుతున్నారు. పాటలు పోయాయా? మళ్లీ మొదటి నుంచి ఉబుంటు వేయనా?

సమాధానం: ముందు మీ గుండె దడ తగ్గే మాట చెబుతాను. పాటలు పోలేదమ్మా. ఒక్క అక్షరం కూడా పోలేదు. మీరు పంపిన స్క్రీన్ ఫోటోని పెద్దది చేసి చూశాను. ప్రతి మూడు గుర్తుల్లో మొదటిది నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఎ. రెండోది జ్వరం కొలతలో వాడే డిగ్రీ సున్నా, లేదంటే ప్లస్ కింద మైనస్ ఉండే గుర్తు. ఇది పాడైపోయిన తెలుగు కాదు. ఎవరో తప్పు కళ్లద్దాలు పెట్టుకుని చదువుతున్న తెలుగు.

కంప్యూటర్ అక్షరాలని అంకెలుగా (బైట్లుగా) దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు అన్నిటికీ ఒకటే. రెండోది రెండే రకాలు. ఆ మూడు బైట్లనీ కలిపి చదివితే "అ" కనిపిస్తుంది. లాటిన్1 అనే పాత పద్ధతిలో విడివిడిగా చదివితే గీత ఉన్న ఎ, డిగ్రీ సున్నా, మూడు చుక్కలు కనిపిస్తాయి. మీ ఫోటోలో శీర్షిక మొదట్లో సరిగ్గా అవే ఉన్నాయి. అంటే ఆ పాట "అ"తో మొదలవుతుంది. "క" అయితే మూడో చోట నల్ల చుక్క వస్తుంది, వెతికి చూడండి. భయపడాల్సింది తెలుగు స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే. అప్పుడు అక్షరాలు నిజంగానే పోయి ఉండొచ్చు. మీకు అలా లేదు.

ఇలా ఎందుకైందో కూడా మీరు పంపిన పాత కాన్ఫిగ్ ఫైల్‌లోనే ఉంది. పాస్‌వర్డ్ చెరిపేసి పంపారు, మంచి పని చేశారు. 2006 నాటికి వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ అక్షరాల పద్ధతి చెప్పే లైనే ఉండేది కాదు, అది 2.2 వెర్షన్‌తో 2007లో వచ్చింది. అప్పటి మైఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్ నడిపే ప్రోగ్రామ్, ఏమీ చెప్పకపోతే లాటిన్1 అనుకునేది. దాన్ని తయారుచేసింది స్వీడన్ కంపెనీ, అందుకే డిఫాల్ట్ అక్షర క్రమానికి కూడా లాటిన్1 స్వీడిష్ అని పేరు. మీ నాన్నగారి ఊడ్పు పాటలు ఇన్నేళ్లూ ఆ స్వీడిష్ పెట్టెలోనే భద్రంగా ఉన్నాయి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఒకే పద్ధతి కాబట్టి తేడా తెలియలేదు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4 (యూటీఎఫ్-8కి మైఎస్‌క్యూఎల్ పెట్టిన పేరు) అయింది. మీ అన్నయ్య ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే పాత ఫైల్‌లో డీబీ క్యార్‌సెట్ అన్న చోట లాటిన్1 అని రాశాడు. మీరు కొత్త ఫైల్ రాసినప్పుడు అక్కడ యూటీఎఫ్8ఎంబీ4 వచ్చింది. అంతే జరిగింది.

కాబట్టి ఇప్పుడే చేయాల్సింది ఒక్క మాట మార్చడం. కొత్త కాన్ఫిగ్‌లో ఆ లైన్‌లో లాటిన్1 అని పెట్టి సేవ్ చేయండి. పేజీ రీలోడ్ చేస్తే తెలుగు కనిపిస్తుంది. ముందు నాన్నగారిని పిలిచి చూపించండి, మిగతాది తర్వాత చూద్దాం. ఒక్క జాగ్రత్త. పిచ్చి గుర్తులు కనిపిస్తున్నప్పుడు ఏ పాటనీ ఎడిట్ చేసి సేవ్ చేయకండి, కొత్త పాటలు ఎక్కించకండి. చేస్తే కొన్ని ఒక పద్ధతిలో, కొన్ని ఇంకో పద్ధతిలో చేరి, విడదీయడం నరకమవుతుంది. ఇప్పటికే ఒకటో రెండో సేవ్ చేసి ఉంటే వాటి పేర్లు కాగితం మీద రాసుకోండి. ఈ లాటిన్1 సంగతి శాశ్వతంగా తేల్చేది చివర్లో చెబుతాను.

మళ్లీ ఉబుంటు వేయొద్దు. ఉబుంటులో తప్పేమీ లేదు. ఇంకోసారి వేసినా ఇవే ఫైల్స్, ఇదే కాపీ, ఇవే తప్పులు. సర్వర్ కంపెనీ ప్యానెల్‌లో స్నాప్‌షాట్ అనే సదుపాయం ఉంటే ఇప్పుడున్న స్థితిని అలాగే ఒకటి తీసి ఉంచుకోండి. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకోండి: ఒకసారికి ఒకటే మార్పు, మార్చిన వెంటనే పరీక్ష. చాలా ఏళ్ల కిందట నేను ఒక గ్రంథాలయం సైట్‌కి ఇదే పని చేస్తూ, తొందరలో ఒకేసారి నాలుగు మార్చాను. సైట్ వచ్చింది. మూడు నెలల తర్వాత మళ్లీ పడిపోయినప్పుడు, అప్పుడు దేని వల్ల బాగైందో నాకు తెలియదు. ఆ రాత్రి పడ్డ కష్టం మీరు పడకూడదు.

కమాండ్లు కొట్టే నల్ల స్క్రీన్లు రెండు తెరవండి. ఒకదానిలో పని చేయండి. రెండోదానిలో ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ కదులుతూ కనిపించాలి. దానికి కమాండ్, ఫోన్లో చెప్పినట్టు చెబుతాను: సుడో, టెయిల్, హైఫన్ ఎఫ్, తర్వాత స్లాష్ వార్, స్లాష్ లాగ్, స్లాష్ ఇంజిన్‌ఎక్స్, స్లాష్ ఎర్రర్ డాట్ లాగ్. బ్రౌజర్ మీకు 502 అనో 403 అనో అంకె మాత్రమే చెబుతుంది. ఎందుకో చెప్పేది ఈ లాగ్. మీ ఉత్తరంలో నాలుగు పేజీల వివరం ఉంది, లాగ్‌లోని ఒక్క లైన్ కూడా లేదు. ఈ మాట తప్పుపట్టడానికి అనడం లేదు. అది చూడాలని మీకు ఎవరూ చెప్పి ఉండరు.

బ్రౌజర్‌ని కూడా ఇప్పుడు పూర్తిగా నమ్మకండి. పాత రీడైరెక్టులు గుర్తుపెట్టుకుని, సర్వర్‌లో లేనిదాన్ని చూపిస్తుంది. సర్వర్ లోపలి నుంచే కర్ల్, హైఫన్ పెద్ద ఐ, మీ సైట్ అడ్రస్ అని కొట్టండి. మొదటి లైన్‌లోనే అంకె, దాని కింద సర్వర్ అన్న చోట జవాబిచ్చింది ఇంజిన్‌ఎక్సా అపాచీయా అన్నది వస్తాయి. నా అంచనా, మీకు ఇప్పుడు అపాచీ అనే వస్తుంది. మీరు చివరికి తెరిపించిన పేజీని చూపించింది ఇంజిన్‌ఎక్స్ కాదు.

అపాచీ ఎక్కడి నుంచి వచ్చింది, నేను వేయలేదే అంటారు. వర్డ్‌ప్రెస్ నడవడానికి కావాల్సిన పీహెచ్‌పీ కోసం మీరు ఆప్ట్ ఇన్‌స్టాల్ పీహెచ్‌పీ అని కొట్టి ఉంటారు. ఉబుంటులో ఆ మాటకి అర్థం పీహెచ్‌పీ, దాన్ని నడిపే అపాచీ మాడ్యూల్, దాంతోపాటు అపాచీ. ఇంజిన్‌ఎక్స్ వాడేవాళ్లు పీహెచ్‌పీ8.3-ఎఫ్‌పీఎం అని పేరు పెట్టి అడగాలి. సైట్‌కి వచ్చేవాళ్లు తట్టే తలుపు, 80వ పోర్టు, ఒకటే, దాని మీద కూర్చోవాలనుకునేవాళ్లు ఇద్దరు. రీస్టార్ట్ చేసినప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్లదే పోర్టు, రెండోవాళ్లు అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్ అని పడిపోతారు. సుడో, ఎస్‌ఎస్, హైఫన్ టీఎల్‌ఎన్‌పీ అని కొడితే ఏ పోర్టు మీద ఎవరున్నారో పేరుతో సహా కనిపిస్తుంది. అపాచీని సిస్టమ్ సీటీఎల్ డిసేబుల్, హైఫన్ హైఫన్ నౌ, అపాచీ2 అని ఆపేయండి. ఇది ఇప్పుడు ఆపుతుంది, రేపు రీస్టార్ట్ చేసినా లేవనివ్వదు. రెండిట్లో ఏది మంచిదన్న చర్చ ఇక్కడ అనవసరం, మీ పాత సెట్టింగ్స్ ఇంజిన్‌ఎక్స్‌వి కాబట్టి అదే ఉంచుదాం.

ఇక ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయడం. మీరు ఎంత మార్చినా ఏమీ మారకపోవడానికి కారణం ఇదే. ఇంజిన్‌ఎక్స్ సెట్టింగ్స్‌లో సైట్స్-అవైలబుల్, సైట్స్-ఎనేబుల్డ్ అని రెండు ఫోల్డర్లుంటాయి. అసలు ఫైల్ మొదటిదానిలో ఉంటుంది. రెండోదానిలో ఉండేది దాని వైపు చూపించే లింక్ మాత్రమే, దాన్నే సిమ్‌లింక్ అంటారు. ఇంజిన్‌ఎక్స్ చదివేది రెండోదాన్ని. మీరు విన్‌ఎస్‌సీపీతో విండోస్‌లోకి దించుకున్నప్పుడు ఆ లింక్ లింక్‌గా రాలేదు, అది చూపించే ఫైల్ పూర్తి కాపీగా వచ్చింది. తిరిగి ఎక్కించాక ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫైల్స్ అయ్యాయి. మీరు మొదటిదాన్ని మారుస్తున్నారు, సర్వర్ రెండోదాన్ని చదువుతోంది. ఎల్‌ఎస్, హైఫన్ ఎల్ కొట్టి చూడండి. లింక్ అయితే పేరు పక్కన బాణం గుర్తు ఉంటుంది. మీ దగ్గర ఉండదు.

ఈ ఫోల్డర్‌ని మరమ్మతు చేయడం కంటే శుభ్రంగా కొత్తది తెచ్చుకోవడం తేలిక. ఉబుంటు మళ్లీ వేయనక్కర్లేదు, ఇంజిన్‌ఎక్స్ ఒక్కటి చాలు. ఆప్ట్ రిమూవ్ అంటే ప్రోగ్రామ్ పోతుంది, సెట్టింగ్స్ అలాగే ఉంటాయి. ఆప్ట్ పర్జ్ అనాలి, ఇంజిన్‌ఎక్స్, ఇంజిన్‌ఎక్స్-కామన్ రెండు పేర్లూ ఇచ్చి. తర్వాత ఈటీసీ కింద ఇంజిన్‌ఎక్స్ ఫోల్డర్ ఇంకా మిగిలి ఉంటే దాని పేరు మార్చి పక్కన పెట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ల్యాప్‌టాప్ నుంచి ఒకే ఒక ఫైల్ తీసుకురండి, మీ సైట్ పేరున్నది. మిగతావేవీ వద్దు. పాత ఫోల్డర్‌లోని మాడ్యూల్స్-ఎనేబుల్డ్ తెచ్చారంటే, కొత్త సిస్టమ్‌లో లేని మాడ్యూల్స్‌ని పిలిచి ఇంజిన్‌ఎక్స్ లేవకపోవచ్చు. ఆ ఒక్క ఫైల్‌ని సైట్స్-అవైలబుల్‌లో పెట్టి, ఎల్‌ఎన్, హైఫన్ ఎస్ కమాండ్‌తో రెండో ఫోల్డర్‌లోకి లింక్ చేయండి. అక్కడున్న డిఫాల్ట్ అనే లింక్ తీసేయండి, వెల్‌కమ్ పేజీ చూపించేది అదే. ప్రతి మార్పు తర్వాత సుడో, ఇంజిన్‌ఎక్స్, హైఫన్ టి. సిన్‌టాక్స్ ఓకే, టెస్ట్ సక్సెస్‌ఫుల్ అంటేనే రీలోడ్ చేయండి.

ఆ పరీక్ష సర్టిఫికెట్ దగ్గర ఆగుతుంది, ఎందుకంటే పాత ఫైల్‌లో ఉన్న దారిలో ఇప్పుడు సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేనిదే ఇంజిన్‌ఎక్స్ లేవదు, ఇంజిన్‌ఎక్స్ లేవనిదే సర్ట్‌బాట్ సర్టిఫికెట్ తేలేదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న పరిస్థితి. 443 (తాళం ఉన్న హెచ్‌టీటీపీఎస్ పోర్టు) ఉన్న సర్వర్ బ్లాక్ మొత్తానికి ప్రతి లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి నిద్రపుచ్చండి. 80 బ్లాక్ మాత్రం ఉంచి, అందులో హెచ్‌టీటీపీఎస్‌కి పంపే రిటర్న్ 301 లైన్ ఉంటే దాన్నీ ఆపి, రూట్, ఇండెక్స్, పీహెచ్‌పీ లైన్లు దానిలోకి కాపీ చేయండి. తాళం గుర్తు లేకుండా సైట్ నడిచాక సర్టిఫికెట్ సంగతి చూడొచ్చు.

ఇప్పుడు 502. దీనికి లాగ్‌లో కనిపించే లైన్ దాదాపు ఇలా ఉంటుంది: కనెక్ట్ టు యునిక్స్, రన్, పీహెచ్‌పీ, పీహెచ్‌పీ7.4-ఎఫ్‌పీఎం డాట్ సాక్ ఫెయిల్డ్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ. ఉబుంటు 20.04తో వచ్చింది పీహెచ్‌పీ 7.4. 24.04తో వచ్చేది 8.3. ఇంజిన్‌ఎక్స్ పాత పేరుతో తలుపు కొడుతోంది, ఆ పేరుతో ఇప్పుడు ఎవరూ లేరు. ఫాస్ట్‌సీజీఐ పాస్ అన్న లైన్‌లో 7.4ని 8.3 చేయండి. హైఫన్ టి పరీక్ష ఈ తప్పు పట్టుకోదు, అది రాత బాగుందో లేదో చూస్తుందే తప్ప అవతల మనిషి ఉన్నాడో లేడో చూడదు. అందుకే పరీక్ష పాసై కూడా 502 వస్తుంది. పీహెచ్‌పీకి తోడు మైఎస్‌క్యూఎల్, ఎంబీస్ట్రింగ్, ఎక్స్‌ఎంఎల్, జీడీ, కర్ల్, జిప్ ప్యాకేజీలు కూడా 8.3 పేరుతో వేసుకోండి. తెలుగు సైట్‌కి ఎంబీస్ట్రింగ్ తప్పనిసరి అనే నేను అనుకుంటాను, అది లేకపోతే అక్షరాన్ని మధ్యలో తుంచేసే ప్లగిన్లు చాలా చూశాను.

8.3లో పాత ప్లగిన్ ఏదైనా కూలిపోతే క్రిటికల్ ఎర్రర్ అని పేజీ వస్తుంది. ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చి సైట్ లేపి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి. ఎవరైనా పాత 7.4ని బయటి నుంచి తెచ్చి వేసుకోమంటే వినకండి. దానికి సెక్యూరిటీ మరమ్మతులు 2022 నవంబర్‌తో ఆగిపోయాయి. పాత ఉబుంటు వదిలించుకోవడానికి ఇంత శ్రమపడి, పాత పీహెచ్‌పీ తెచ్చుకోవడం దేనికి?

403 దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే 777 అక్కడే వచ్చింది. మీ సైట్ ఫైల్స్ మొదట హోమ్ ఫోల్డర్‌లో, అన్నయ్య పేరు మీద ఉన్నాయి. ఉబుంటు 21.04 నుంచి ఒక మార్పు వచ్చింది. కొత్తగా యూజర్‌ని తయారుచేస్తే ఆ హోమ్ ఫోల్డర్ అనుమతి 750గా ఉంటుంది. ఇంతకుముందు 755 ఉండేది. అంటే ఇప్పుడు బయటివాళ్లు ఆ గుమ్మం కూడా తొక్కలేరు. ఇంజిన్‌ఎక్స్ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ పేరుతో, అది బయటిదే. నేమ్ఐ, హైఫన్ ఎల్, తర్వాత ఏదో ఒక ఫోటో పూర్తి దారి కొట్టండి. పైనుంచి కింద దాకా ప్రతి ఫోల్డర్ అనుమతి వరసగా కనిపిస్తుంది. మీరు లోపలి గదికి 777 పెట్టారు, అది అక్కడ మెరుస్తూ కనిపిస్తుంది. కానీ వీధి తలుపు 750 దగ్గర మూసే ఉంది. అందుకే 777 పెట్టినా 403 పోలేదు. ఆ సలహా మీ సమస్యకి మందు కాదు. పైగా సర్వర్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా, ఏ యూజరైనా మీ ఫైల్స్‌లో ఏమైనా రాసుకోవచ్చని రాసిచ్చినట్టు అది. పాత ప్లగిన్లో ఒక చిల్లు దొరికితే చాలు, జముకుల పాటల పేజీ కింద జూదం లింకులు పెడతారు. ఎవరు చెప్పినా, ఎంత రాత్రయినా, ఎంత టెన్షన్‌లో ఉన్నా 777 పెట్టకండి.

ఫైల్స్‌ని వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్‌లో మీ సైట్ పేరుతో కొత్త ఫోల్డర్ చేసి అందులోకి మార్చండి, ఇంజిన్‌ఎక్స్ ఫైల్‌లో రూట్ అన్న లైన్‌నీ మార్చండి. ఫోల్డర్లకి 755, ఫైల్స్‌కి 644. ఓనర్‌గా మీ లాగిన్ పేరు. అప్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కదానికి ఓనర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, వర్డ్‌ప్రెస్ అక్కడ ఫోటోలు, ఆడియో రాయాలి కాబట్టి. పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌కి 640, గ్రూప్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. ఇలా చేస్తే ప్లగిన్లు, వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ చేసేటప్పుడు కొంచెం చేతి పని పెరుగుతుంది. ఆ శ్రమ పడటమే మంచిదని నా అభిప్రాయం.

అపాచీ పోయి, 8.3 పేరు మారి, దారి తెరుచుకున్నాక సైట్ హెచ్‌టీటీపీలో వస్తుంది. అక్కడ ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ డేటాబేస్ కనెక్షన్ అని వస్తే, కాన్ఫిగ్‌లోని యూజర్ పేరు డేటాబేస్‌లో లేనట్టు. ఒక డేటాబేస్ డంప్‌లో పాటలొస్తాయి, యూజర్లు రారు. మైఎస్‌క్యూఎల్ 8లో ముందు క్రియేట్ యూజర్ చేసి, తర్వాతే గ్రాంట్ ఇవ్వాలి. పాతకాలం చిట్కాలలో గ్రాంట్ ఒక్కటే రాసి ఉంటుంది, అది ఇప్పుడు పని చేయదు.

సర్టిఫికెట్ ఇవ్వనన్నది శిక్ష కాదు, కోటా. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ అచ్చంగా అవే పేర్లున్న సర్టిఫికెట్‌ని ఏడు రోజుల్లో ఐదుసార్లకు మించి ఇవ్వదు. మీరు ప్రతిసారీ పాత లెట్స్‌ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్ ఎక్కించడం, అది పనిచేయకపోతే చెరిపి కొత్తది అడగడం చేశారు. అందులో లైవ్ ఫోల్డర్‌లోవి కూడా సిమ్‌లింకులే, అవి కూడా విండోస్ దారిలో మామూలు ఫైల్స్ అయిపోయాయి. సర్ట్‌బాట్ వాటిని చూసి, ఇక్కడ సిమ్‌లింక్ ఉండాలే అని మొరాయిస్తుంది. కొన్ని రోజులు ఆగొచ్చు. ఆగలేకపోతే, ఇప్పటిదాకా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని పేరు ఒక్కటే అడిగి ఉంటే, ఈసారి రెండు పేర్లూ కలిపి అడగండి. పేర్ల జాబితా మారింది కాబట్టి ఆ కోటా అడ్డురాదు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరు కూడా మీ సర్వర్ ఐపీకే చూపిస్తూ ఉండాలి, అంతే. ముందు సుడో, సర్ట్‌బాట్, సర్ట్‌ఓన్లీ, హైఫన్ హైఫన్ ఇంజిన్‌ఎక్స్, హైఫన్ హైఫన్ డ్రై-రన్ అని పెట్టి నడపండి. అది రిహార్సల్, కోటాలో లెక్కకి రాదు. అది పాసయ్యాక అసలుది. ఫైర్‌వాల్ ఆన్ చేసి ఉంటే 80, 443 రెండూ తెరిచి ఉండాలి. ఇంకా ఆన్ చేయకపోతే, చేసేముందు ఎస్‌ఎస్‌హెచ్‌కి (మీరు సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) అనుమతి ఇవ్వడం మర్చిపోకండి, లేకపోతే మీరే బయట ఉండిపోతారు.

సైట్ వచ్చేసిందని లాప్‌టాప్ మూసేముందు ఇంకో రెండు చూడండి. నాన్నగారి కొత్త రికార్డింగ్ ఎక్కించబోతే 413 (ఫైల్ మరీ పెద్దది) అని వస్తుంది. ఇంజిన్‌ఎక్స్ ఏమీ చెప్పకపోతే ఒక్క ఎంబీ దాటిన ఫైల్ తీసుకోదు, పీహెచ్‌పీ అయితే రెండు ఎంబీ. అన్నయ్య పెంచిపెట్టినవి పీహెచ్‌పీ 7.4 ఫోల్డర్‌లో ఉండిపోయాయి. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్, అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్, పోస్ట్ మ్యాక్స్ సైజ్, మూడూ పెంచాలి. పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఫైల్స్ రెండుంటాయి, సీఎల్ఐ ఫోల్డర్‌లోది కాదు, ఎఫ్‌పీఎం ఫోల్డర్‌లోది మార్చి ఎఫ్‌పీఎంని రీస్టార్ట్ చేయండి. రెండోది, సర్వర్ మెమరీ ఒక జీబీయే అయితే పాత సిస్టమ్‌లో స్వాప్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) ఉండి ఉంటుంది. స్వాప్‌ఆన్, హైఫన్ హైఫన్ షో కొట్టండి. ఏమీ రాకపోతే ఒకటి తయారుచేసుకోండి. లేకపోతే ఏ అర్ధరాత్రో మెమరీ చాలక మైఎస్‌క్యూఎల్ చచ్చిపోతుంది, పొద్దున్నే డేటాబేస్ ఎర్రర్ కనిపిస్తుంది. అన్నయ్య బ్యాకప్‌కి పెట్టిన క్రాన్ (వేళకి దానంతట అదే నడిచే పని) కూడా పాత సిస్టమ్‌తోనే పోయింది. ఏం పెట్టాడో అడిగి మళ్లీ పెట్టించుకోండి.

ఇక లాటిన్1. సైట్ ఒక వారం నిలకడగా నడిచాక, సెలవు రోజున తీరిగ్గా చేయండి. అసలు డేటాబేస్‌ని ముట్టుకోకూడదు, కొత్తది తయారుచేసి దానిలోకి మార్చాలి. డంప్ ఇంకోసారి తీయండి, ఈసారి రెండు ఆప్షన్లతో. ఒకటి డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్ ఈక్వల్ టు లాటిన్1, రెండోది స్కిప్-సెట్-క్యార్‌సెట్. అప్పుడు మైఎస్‌క్యూఎల్ బైట్లని మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు రాస్తుంది. ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటిసారి తెరిచినప్పుడు పిచ్చి గుర్తులు చూసి భయపడ్డారే, ఇప్పుడు అదే చోట చక్కటి తెలుగు కనిపించాలి. కనిపించకపోతే అక్కడే ఆపేయండి.

కనిపిస్తే, టేబుల్స్ తయారుచేసే లైన్లలో క్యార్‌సెట్ లాటిన్1 అన్నదాన్ని యూటీఎఫ్8ఎంబీ4 చేయండి. లాటిన్1 స్వీడిష్ అని కొలేషన్ (అక్షర క్రమం) ఎక్కడైనా ఉంటే ఆ మాట తీసేయండి. 2006 నాటి టేబుల్స్ కాబట్టి ఇంజిన్ అన్న చోట మైఐశామ్ ఉండొచ్చు. దాన్ని ఇన్నోడీబీ చేయండి, లేకపోతే కీ వెయ్యి బైట్లు దాటిందని ఆగిపోతుంది. పాటల్లో ఎక్కడా ఆ మాటలు లేవు కదా అని ఒకసారి చూసి మరీ మార్చండి. మార్చేది నోట్‌ప్యాడ్‌లో అయినా, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనే ఉండాలి, బీఓఎం (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) ఉన్నది వద్దు. కొత్త డేటాబేస్‌లోకి డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పి ఎక్కించండి. కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పేరు, క్యార్‌సెట్ రెండూ కలిపి మార్చండి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే మళ్లీ పిచ్చి గుర్తులే వస్తాయి. ఒకసారికి ఒకటే మార్పు అన్న నియమానికి మినహాయింపు ఇదొక్కటే.

మొదట్లో పేర్లు రాసుకున్న ఆ ఒకటి రెండు పాటలు, ముందు పిచ్చి గుర్తులతో ఉన్నప్పుడు సేవ్ చేసినవి, ఇప్పుడు విడిగా తెరిచి చూడండి. అవి తేడాగా ఉంటే నాన్నగారి నోట్‌బుక్ చూసి మళ్లీ టైప్ చేయడమే తేలిక. పాత డేటాబేస్‌ని నెల రోజులు చెరపకండి. ఎక్కడైనా ఆగిపోతే, లాగ్‌లో చివరి పది లైన్లు, ఎస్‌ఎస్ కమాండ్ చూపించినది, కర్ల్ ఇచ్చిన మొదటి ఐదు లైన్లు పంపండి.